కంప్రెషన్ అంకె చివర రాయండి

సూపర్‌చార్జర్ బిగించి రేసు కారు కట్టుకోవాలనే కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ల నుంచి విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు ఫోన్లు వస్తుంటాయి. కుశల ప్రశ్నలు అవగానే మొదటి మాట ఒకటే: "బాబాయ్, కంప్రెషన్ ఎంత పెడదాం?" ఒకరికి ఎవరో ఎనిమిదిన్నర అని చెప్పి ఉంటారు. ఇంకొకరు కంపెనీ ఇచ్చిన పదిన్నరను కదిపేదే లేదని పట్టుపడతారు. పిస్టన్లకు ఆర్డరు పెట్టేసి, ఆ తర్వాత ఫోను చేసేవాళ్లూ ఉన్నారు.

నేను ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పను. ఏ పెట్రోల్ పోస్తావు? ఎక్కడ తోలతావు? ఒక్క ల్యాపా, అరగంట రేసా? బ్లోయర్, అంటే సూపర్‌చార్జర్, ఏ రకం? ఇంటర్‌కూలర్ ఉందా? ఈ అయిదింటికీ జవాబు వచ్చాక కంప్రెషన్ ఎంతో కాగితం మీద దానంతటదే తేలుతుంది. ముందే అంకె ఖాయం చేసుకుని మిగతావన్నీ దానికి సర్దబోతే డబ్బు పోతుంది, ఇంజనూ పోతుంది. ఒక్కో కుర్రాడు రెండు మూడేళ్ల జీతం మిగిల్చి కట్టుకుంటున్న బండి ఇది. అందుకే పత్రికలో రాస్తున్నాను. పైగా ఇందులో పెట్రోల్ బంకుకు సంబంధించిన సంగతి ఒకటుంది. అది రేసు కార్లవాళ్లకే కాదు, స్కూటరున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

కంప్రెషన్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ఒక లెక్క. నాలుగు సిలిండర్ల 1.6 లీటర్ల ఇంజన్ తీసుకోండి. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ కిందికీ పైకీ తిరిగే మేర 400 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక దాని నెత్తికీ హెడ్డుకీ మధ్య మిగిలే ఖాళీ 44.4 సీసీ ఉంటే కంప్రెషన్ పది. ఆ ఖాళీ 50 సీసీ అయితే తొమ్మిది. పదికీ తొమ్మిదికీ తేడా అయిదున్నర సీసీ, అంటే ఒక టీ స్పూన్ నీళ్లు. ఆ స్పూన్ దగ్గరే ఇంజన్ బతుకుతుందా చస్తుందా అన్నది తేలుతుంది.

దీన్ని కొలవడం ఓపిక కావలసిన పని. హెడ్డును బల్ల మీద తిరగేసి పెట్టి, వాల్వులు, ప్లగ్గు బిగించి, చాంబర్ అంచు చుట్టూ పల్చగా గ్రీజు రాస్తాం. మధ్యలో చిల్లు ఉన్న యాక్రిలిక్ పలకను దాని మీద అదిమి, ఆ చిల్లులోంచి రంగు కలిపిన కిరోసిన్‌ను బ్యూరెట్‌తో చుక్క చుక్కగా వదులుతాం. పలక కింద గాలి బుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పు, మళ్లీ మొదలు. ఇలా నాలుగు చాంబర్లకూ నాలుగు అంకెలు వస్తాయి. అవి ఒకేలా ఉండవు. పాత హెడ్డు, అందులోనూ ఎవరో ఒకసారి వెల్డింగ్ చేసి ఫేసింగ్ కొట్టించినదైతే, చాంబర్‌కూ చాంబర్‌కూ రెండున్నర సీసీ తేడా కనబడుతుంది. అంటే కాగితం మీద తొమ్మిది అని రాసుకున్న ఇంజన్‌లో ఒక సిలిండర్ 8.8, ఇంకొకటి 9.2 అన్నమాట. నాకింగ్ వచ్చేది ఆ 9.2లో. మిగతా మూడూ బాగానే ఉన్నా ఇంజన్ ఆగిపోతుంది. కంప్రెషన్ ఎంత పెడదామని అడిగేవాళ్లలో ఇప్పుడు ఎంతుందో కొలిపించుకున్నవాళ్లు బహు తక్కువ.

నాకింగ్ గురించీ రెండు ముక్కలు చెప్పాలి. ప్లగ్గు నిప్పు పెట్టగానే మంట సిలిండర్ మధ్య నుంచి అంచులకు పాకుతుంది. మంట ఇంకా చేరని మూలల్లోని పెట్రోల్, గాలి మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే అది నాకింగ్. అప్పుడు పుట్టే ఒత్తిడి అలలు పిస్టన్ నెత్తినీ రింగుల గాడులనూ కొట్టుకుంటూ పోతాయి. మామూలు కారులో టక టకమని వినబడుతుంది, మనం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాం. రేసు కారులో గేర్‌బాక్స్ అరుపు, సైలెన్సర్ లేని మోత, నెత్తిన హెల్మెట్. డ్రైవర్‌కు ఏమీ వినబడదు. వినబడే వేళకు పిస్టన్ ఉండదు.

కంప్రెషన్ పెంచితే ఆ మూలల్లోని మిశ్రమం మరింత నలుగుతుంది. సూపర్‌చార్జర్ పెడితే సిలిండర్‌లోకి వచ్చేటప్పటికే గాలి నలిగి, వేడెక్కి వస్తుంది. రెండూ తినేది ఒకే ఖాతాలోంచి. ఆ ఖాతా ఎంతో చెప్పేది ఇంధనం. దాన్ని ఎటు ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. నా మటుకు నేను ఎప్పుడూ బూస్ట్ (బ్లోయర్ అదనంగా ఎక్కించే గాలి ఒత్తిడి) వైపే. ఎందుకంటే లెక్క అలా ఉంది. కంప్రెషన్ పది నుంచి తొమ్మిదికి దించితే పోయే శక్తి సుమారు మూడు శాతం. ఆ దించడం వల్ల నిశ్చింతగా వాడుకోగల అర బార్ బూస్ట్, గాలిని సరిగ్గా చల్లబరిస్తే, 40 శాతం దాకా ఎక్కువ గాలిని లోపలికి పంపుతుంది. బ్లోయర్‌ను తిప్పడానికి క్రాంక్ నుంచి పోయేది తీసేసినా మిగిలేది ఆ మూడు శాతం కంటే చాలా ఎక్కువ.

దీనికి చరిత్రలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదనిపించే ఇంజన్ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలను ఎగరేసిన రోల్స్‌రాయిస్ మెర్లిన్. 27 లీటర్లు, 12 సిలిండర్లు, గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్. కంప్రెషన్ ఆరు. 1940లో బ్రిటన్ మీద జర్మనీ విమానాలు విరుచుకుపడిన రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు 87 ఆక్టేన్ పెట్రోల్ నుంచి 100 ఆక్టేన్‌కు మారారు (నాకింగ్‌ను పెట్రోల్ ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె ఆక్టేన్). ఇంజన్ విప్పి కొత్త పిస్టన్లు వేయలేదు, కంప్రెషన్ ముట్టుకోలేదు. చదరపు అంగుళానికి ఆరుంబావు పౌండ్లు ఉన్న బూస్ట్‌ను 12 పౌండ్లకు పెంచారు. సుమారు 1030 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ తక్కువ ఎత్తుల్లో 1310 దాకా ఇచ్చింది. యుద్ధం చివరి దశకు ఇంకా మెరుగైన 150 గ్రేడ్ పెట్రోల్ వచ్చింది, రెండంచెల సూపర్‌చార్జరూ ఇంటర్‌కూలరూ చేరాయి, బూస్ట్ 25 పౌండ్లకు ఎక్కింది, శక్తి 2000 హార్స్‌పవర్ చుట్టుపక్కలకు చేరింది. అప్పుడూ కంప్రెషన్ ఆరే. మెరుగైన ఇంధనం దొరికిన ప్రతిసారీ ఆ లాభాన్ని వాళ్లు బూస్ట్‌లోకే మళ్లించారు. మా షెడ్డుకొచ్చే ప్రతి కుర్రాడికీ ముందు ఈ కథ చెబుతాను.

ఇక మన ఎండ సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా మటుకు చల్లని దేశాల్లో పుట్టినవి. అక్కడ 20 డిగ్రీల గాలిని పీల్చే ఇంజన్‌కు సరిపోయిన అంకె ఇక్కడ 40 డిగ్రీల గాలికి సరిపోదు. లెక్క వేసి చూపిస్తాను. 40 డిగ్రీల గాలిని పాతకాలపు రూట్స్ రకం బ్లోయర్ అర బార్ బూస్ట్‌కు నొక్కితే అది 110 డిగ్రీల దగ్గరికి వేడెక్కి బయటికొస్తుంది. గేజి మీద ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కనిపిస్తుంది కానీ వేడికి వ్యాకోచించిన గాలి కాబట్టి లోపలికి వెళ్లే గాలి బరువు పెరిగేది 23 శాతమే. అదే గాలిని మంచి ఇంటర్‌కూలర్ గుండా పంపి 60 డిగ్రీలకు దించితే పెరుగుదల 40 శాతం. నాకింగ్ భయమూ తగ్గుతుంది. గేజి మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకే అంకె చూపిస్తుంది.

అందుకే కుర్రాళ్లు తరచూ పట్టుకొచ్చే ఒక సూత్రం మీద నాకు కోపం. కంప్రెషన్‌ను బూస్ట్ ఒత్తిడితో గుణిస్తే అసలు కంప్రెషన్ వస్తుందట. తొమ్మిదిని ఒకటిన్నరతో గుణిస్తే పదమూడున్నర. పదమూడున్నరకు ఏ పెట్రోల్ కావాలో పక్కనే పట్టిక. ఈ లెక్కలో గాలి వేడికి చోటేదీ? 110 డిగ్రీల గాలికీ పదమూడున్నరే, 60 డిగ్రీల గాలికీ పదమూడున్నరే! వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుందో, క్యామ్ ఏమిటో, చాంబర్ ఆకారం ఎలా ఉందో ఏదీ అక్కర్లేదు. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకునేలా క్యామ్ మలిస్తే ఎంత తేడా వస్తుందో 1990లలోనే మాజ్డా చూపించింది. మిల్లర్ సైకిల్ పేరుతో 2.3 లీటర్ల వీ6 ఇంజన్‌కు స్క్రూ రకం సూపర్‌చార్జర్ పెట్టి, కంప్రెషన్‌ను పది దగ్గరే ఉంచింది. పిస్టన్ పైకి లేవడం మొదలయ్యాక కూడా వాల్వ్ తెరిచే ఉంటుంది కాబట్టి సిలిండర్ లోపల నిజంగా నలిగేది అంతకంటే తక్కువ. ఆ గుణకారపు సూత్రం ఈ ఇంజన్‌ను కాగితం మీదే చంపేస్తుంది. అది మాత్రం రోడ్ల మీద తిరిగింది.

కంప్రెషన్ ఎంత అన్నదానికంటే దాన్ని ఎలా దించారన్నది ముఖ్యం. దీని మీద మాత్రం కాస్త నిలబడి చెప్పాలి.

మొన్నామధ్య హైదరాబాద్ కుర్రాడొకడు ఇంజన్ పట్టుకొచ్చాడు. వేరే చోట కట్టించుకున్నది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తోలుతుండగా మూడో సిలిండర్ చల్లబడిపోయింది. "తొమ్మిదికి దించాం బాబాయ్, అయినా పోయింది" అన్నాడు. ప్లగ్గు తీసి భూతద్దం కింద పెట్టాను. తెల్లటి పింగాణీ మీద సన్నటి నల్లని చుక్కలు, మధ్యలో వెండిలా మెరిసే రేణువులు. అవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. హెడ్డు విప్పితే పిస్టన్ నెత్తి అంచు ఒక పక్క గరుకుగా తిని ఉంది, మొదటి రెండు రింగుల మధ్య గట్టు రెండంగుళాల మేర విరిగి రింగులోనే ఇరుక్కుంది. ఇంత చూశాక అనుమానమొచ్చి గ్యాస్కెట్ కొలిచాను. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు హెడ్ గ్యాస్కెట్లు! కంప్రెషన్ దించడానికి అది చౌక ఉపాయం. 79 మిల్లీమీటర్ల బోరుకు 1.2 మిల్లీమీటర్ల గ్యాస్కెట్ అదనంగా వేస్తే దాదాపు ఆరు సీసీ ఖాళీ పెరుగుతుంది. పది కాస్తా తొమ్మిది అవుతుంది. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

అయితే కంపెనీ ఆ ఇంజన్‌ను తయారు చేసినప్పుడు పిస్టన్ పైకొచ్చిన క్షణంలో దాని అంచుకూ హెడ్డు చదునుకూ మధ్య సుమారు ఒక మిల్లీమీటర్ సందు మాత్రమే వదిలింది. ఆ ఇరుకులోంచి మిశ్రమం మధ్యలోకి ఎగజిమ్ముతుంది, సుడి తిరుగుతుంది, మంట వేగంగా పాకుతుంది. అంచుల్లో మండని మిశ్రమం దాదాపు మిగలదు, మిగిలిన కాస్తా రెండు లోహాల మధ్య చల్లబడుతుంది. దీన్నే స్క్విష్ అంటాం. రెండో గ్యాస్కెట్ పెట్టగానే ఆ సందు 2.2 మిల్లీమీటర్లయింది. సుడి పోయింది, మంట మందగించింది, మూలల్లో మిశ్రమం నిలవుంది. నాకింగ్ తగ్గించడానికని చేసిన పనే నాకింగ్‌ను పిలిచింది. అదే ఆరు సీసీని పిస్టన్ నెత్తి మధ్యలో గిన్నెలా తీయించి, అంచు సందును ఒక మిల్లీమీటర్ దగ్గరే ఉంచి ఉంటే, అదే తొమ్మిది కంప్రెషన్‌తో ఆ ఇంజన్ సీజన్ మొత్తం తిరిగేది. ఫోర్జ్‌డ్ పిస్టన్ల ధర చూసి వెనకాడారట. ఇప్పుడు పిస్టన్లు, బోరింగు, హెడ్డు పని, బేరింగులు అన్నీ కలిసి అంతకు మూడింతలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రెండు ఇంజన్లు, రెండింటికీ కంప్రెషన్ తొమ్మిదే. ఒకటి పోయింది, ఇంకొకటి ఉండేది. అంకెను పట్టుకుని వేలాడొద్దని నేను పదే పదే అనేది ఇందుకే.

బ్లోయర్ రకం కూడా లెక్కలోకి రావాలి. రూట్స్, స్క్రూ రకాలు ఇంజన్ 2500 తిరుగుళ్ల దగ్గరే నిండు బూస్ట్ ఇస్తాయి. తక్కువ వేగంలో మిశ్రమం ఒత్తిడి కింద ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నాకింగ్‌కు అదే అదను. వాటికి కంప్రెషన్ తగ్గించాలి. సెంట్రిఫ్యూగల్ రకం అలా కాదు. బూస్ట్ ఇంజన్ వేగంతో పాటు మెల్లగా పెరిగి చివర్లో నిండుతుంది. కింద వేగాల్లో ఇంజన్ తన కంప్రెషన్ మీదే బతకాలి. దానికి మరీ దించితే మలుపు నుంచి బయటికొచ్చే చోట కారు ముందుకు కదలదు. ఇద్దరు స్నేహితులు ఒకే ఇంజన్‌కు రెండు రకాల బ్లోయర్లు పెట్టి, ఒకే పిస్టన్లు తెప్పించుకుంటే ఇద్దరిలో ఒకరు తప్పక నష్టపోతారు.

ఎక్కువ కంప్రెషన్ పక్షం వాళ్లకూ గట్టి సాక్ష్యాలున్నాయి. లోటస్ ఎక్సీజ్ ఎస్‌లో టొయోటా ఇంజన్‌కు 11.5 కంప్రెషన్ అలాగే ఉంచి ఈటన్ బ్లోయర్ బిగించారు, బ్రహ్మాండంగా పరుగెత్తింది. కానీ అదే టొయోటా అంతకుముందు తన చేతులతో తయారు చేసిన ఎంఆర్2 సూపర్‌చార్జర్ ఇంజన్‌కు కంప్రెషన్‌ను ఎనిమిదికి దించింది. షెవర్లే కార్వెట్‌లో మామూలు ఎల్‌టీ1 ఇంజన్‌కు 11.5, బ్లోయర్ పెట్టిన ఎల్‌టీ4కు పది. లోటస్ తేలికైన కారు, బూస్ట్ తక్కువ, మంచి పెట్రోల్ దొరికే దేశాల్లో అమ్మిన బండి. అక్కడ ఆ అంకె సరైనదే. దాన్ని తెచ్చి మే నెల విజయవాడలో పెడతానంటే ఒప్పుకోను.

రేసు ఎంతసేపు అన్నది కూడా ఇక్కడే వస్తుంది. డ్రాగ్ రేసులో ఇంజన్ పది పన్నెండు సెకన్లు బిగిస్తే చాలు, వేడి చేరేలోగా పని అయిపోతుంది. ట్రాక్ మీద అరగంట తోలితే రెండో ల్యాప్ నుంచే ఇంటర్‌కూలర్ వేడెక్కుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుగుతుంది, ఎగ్జాస్ట్ మండిపోతుంది. ఆఖరి ల్యాప్‌లో మిగిలే శక్తిని బట్టి కంప్రెషన్ ఎంచుకోవాలి. 1951 సిల్వర్‌స్టోన్ గ్రాండ్ ప్రీలో జరిగింది మరో విధమైన పాఠం. ఆల్ఫా రోమియో 159 ఒకటిన్నర లీటర్ల సూపర్‌చార్జర్ కారు, నాలుగు వందలకు పైగా హార్స్‌పవర్. ఆ బూస్ట్‌ను తట్టుకోవడానికి, ఇంజన్‌ను లోపలి నుంచి చల్లబరచడానికి ఆల్కహాల్ ఇంధనాన్ని పోసుకుంటూ పోవాలి. గ్యాలన్‌కు రెండు మైళ్లు కూడా వచ్చేవి కావు. బ్లోయర్ లేని నాలుగున్నర లీటర్ల ఫెరారీని తోలిన గొంజాలెజ్, ఆల్ఫాలో ఉన్న ఫాంజియోను ఓడించాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఫెరారీకి అదే మొదటి గెలుపు. ట్యాంకు నింపుకోవడానికి ఆగిన సమయం కూడా ల్యాప్ టైమే.

ఇంధనానికి హద్దు పెట్టినప్పుడు కంప్రెషన్ పైకి వెళ్లడమే సరైనదని హోండా చూపించింది. 1987లో ఫార్ములా వన్ టర్బో ఇంజన్లకు నాలుగు బార్ల ఒత్తిడి అనుమతించారు, హోండా కంప్రెషన్ 7.4. మరుసటి ఏడాది నిబంధన రెండున్నర బార్లకు, రేసుకు 150 లీటర్లకు కుదించింది. హోండా కంప్రెషన్‌ను 9.4కు పెంచింది. ఆ ఇంజన్‌తో మెక్‌లారెన్ 16 రేసుల్లో 15 గెలిచింది. ఏడాదిలో అంకె రెండు పాయింట్లు మారింది, రెండుసార్లూ అంకె సరైనదే. నిబంధన మారింది కాబట్టి అంకె మారింది.

మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు దీన్ని జాగ్రత్తగా చదవాలి. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో పెట్రోల్ ఇంజన్ పీల్చే గాలి అంతా 20 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్ గుండా వెళ్లాలి. బ్లోయర్ ఎంత పెద్దదైనా ఆ రంధ్రంలోంచి సెకనుకు 75 గ్రాములకు మించి గాలి దూరదు. గరిష్ఠ శక్తికి అక్కడే తాళం పడింది. అలాంటి కారుకు సూపర్‌చార్జర్ పెట్టామని కంప్రెషన్‌ను ఎనిమిదికి దించేస్తే దొరికిన కాస్త గాలినీ వృథా చేసినట్టు. అక్కడ వీలైనంత ఎక్కువ కంప్రెషన్ ఉంచుకుని, బ్లోయర్‌ను మధ్య వేగాల్లో టార్క్ కోసం వాడుకోవాలి. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే మీద ఫార్ములా భారత్‌కు వెళ్లే జట్లకు నా సలహా ఇదే. పిస్టన్ బొమ్మ గీసే ముందు రూల్ బుక్ చదవండి.

ఇంతకీ నా అంకె చెప్పమంటారా? సరే. మన బంకుల్లో దొరికే పెట్రోల్, పోర్ట్ ఇంజెక్షన్, అర బార్ చుట్టుపక్కల బూస్ట్, సరైన ఇంటర్‌కూలర్, అరగంట ట్రాక్ రేసు అయితే రూట్స్, స్క్రూ రకాలకు తొమ్మిది. సెంట్రిఫ్యూగల్‌కు తొమ్మిదిన్నర, చాంబర్ ఆకారం బాగుంటే పది. ఇంటర్‌కూలర్ పెట్టే చోటు లేదంటే ఎనిమిదిన్నర, అదీ బూస్ట్ తగ్గించి. ఇథనాల్ ఎక్కువ పాళ్లలో ఉన్న ఇంధనం ఖాయంగా దొరుకుతుందంటే పదకొండు దాకా వెళ్లొచ్చు. ఇవన్నీ చాంబర్లు కొలిచి నాలుగూ సమానం చేశాక, స్క్విష్ సందు చెడగొట్టకుండా దించితేనే. మొదటిసారి కట్టుకునేవాళ్లు అర పాయింట్ తక్కువకే పోండి. పోయేది ఒకటిన్నర శాతం శక్తి, మిగిలేది ఇంజన్.

ఇప్పుడు బంకు సంగతికి వస్తాను. ఈ లెక్కలన్నిటికీ మొదటి మెట్టు ఇంధనం అన్నాను కదా. మన పెట్రోల్ ఆక్టేన్ ఒకప్పుడు 88, బీఎస్6 ప్రమాణాలకు 91, ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపాక (ఈ20) 95 అని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఇథనాల్ ఆక్టేన్ వందకు పైమాటే. ఆవిరయ్యేటప్పుడు అది పెట్రోల్ కంటే ఎక్కువ వేడిని లాగేసుకుంటుంది కూడా. బూస్ట్ ఇంజన్‌కు ఇది మేలు చేసే గుణం. ఈ20ను నేను తిట్టను. అయితే అందులో లీటరుకు శక్తి సుమారు ఏడు శాతం తక్కువ, ఇంజెక్టర్లు ఆ మేరకు ఎక్కువ పోయాలి. ఈసీయూ ట్యూన్ చేసిన రోజు ట్యాంకులో ఏముందో, రేసు రోజు ఏముందో తెలియకపోతే మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కరుగుతుంది. ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోల్ హైదరాబాద్ లాంటి నగరాల్లో కొన్ని బంకుల్లో ఉంది. జిల్లా కేంద్రాల్లో అడిగితే తెల్లముఖం వేస్తారు.

అసలు ఆక్టేన్ అంకెను కనిపెట్టేదే కంప్రెషన్ మార్చగలిగే ఇంజన్ మీద. సీఎఫ్ఆర్ అనే ఒంటి సిలిండర్ ఇంజన్‌లో ఇంధనం పోసి, నడుస్తుండగానే కంప్రెషన్ పెంచుకుంటూ పోయి, ఎక్కడ నాకింగ్ వస్తుందో చూస్తారు. రీసెర్చ్ ఆక్టేన్‌కు ఆ ఇంజన్‌ను 600 తిరుగుళ్ల దగ్గర నడుపుతారు. మోటార్ ఆక్టేన్‌కు 900 దగ్గర, బాగా వేడెక్కించిన మిశ్రమంతో. వేడి గాలి పీల్చే సూపర్‌చార్జర్ ఇంజన్ కట్టేవాడికి ఆ రెండో అంకె కూడా కావాలి. అంటే నేను షెడ్డులో తేల్చుకోవలసిన ప్రశ్నకు సగం జవాబు ప్రయోగశాలలో ఎప్పుడో రాసి ఉంది. అది బంకు దాకా రావడం లేదు, అంతే.

అమెరికాలో ఉన్న మీ పిల్లలను అడగండి. అక్కడ ప్రతి బంకులో గొట్టం పక్కన పసుపు స్టిక్కర్ మీద 87, 89, 93 లాంటి అంకె పెద్దగా కనబడుతుంది. అలా అతికించాలని అక్కడ చట్టం. మన బంకులో ధర పైసలతో సహా వెలుగుతుంది. సాధారణ పెట్రోల్ ఆక్టేన్ ఎంతో అడిగితే చెప్పగలిగిన మనిషి కనబడడు. నాణ్యత పరీక్షకు ఫిల్టర్ పేపరు అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది, సాంద్రత కొలిపించుకునే హక్కు ఉంది. కొంటున్న సరుకు ఆక్టేన్ ఎంతో, అందులో ఇథనాల్ ఎంతో కళ్లకు కనబడేలా ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు.

చమురు కంపెనీలకూ పౌరసరఫరాల శాఖలకూ నా విన్నపం ఇది. ప్రతి పంపు మీద రీసెర్చ్ ఆక్టేన్, మోటార్ ఆక్టేన్, ఇథనాల్ శాతం, ఈ మూడు అంకెలు తెలుగులో రాయించండి, బిల్లు మీద ముద్రించండి. ఖర్చు ఒక స్టిక్కరు. రేసు కారు కట్టే కుర్రాళ్లకు చెప్పేది కూడా ఒక్కటే. ఆ అంకెలు చేతికొచ్చేదాకా పిస్టన్లకు ఆర్డరు పెట్టకండి.